గీత పడని లైటు

మీరే ఆర్పారు. సీసాల ఫ్యాక్టరీ మేనేజరు గారూ, రోడ్డు ఆఫీసు పెద్దలూ, మిమ్మల్నే అంటున్నాను. క్వార్టర్ల నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా నాలుగు కిలోమీటర్ల రోడ్డు. దాని పొడుగునా ఎనభై రెండు దీపస్తంభాలు. ఆ రోడ్డు మాది కాదంటే మాది కాదని మీరు ఒకరి మీదికొకరు కాగితాలు తోసుకుంటూ, ఒక చలికాలంలో సగం దాకా ఆ ఎనభై రెంటిలో ఒక్కదాన్నీ వెలిగించలేదు. పొద్దున ఆరింటి షిఫ్టుకి మూడొందల సైకిళ్ళు ఆ చీకట్లో పడే వచ్చాయి. మీ లోడు లారీలూ అదే చీకట్లో వచ్చాయి. మా అక్క మోకాలు చితికింది అక్కడే. ఈ మాట గేటు ముందు మైకులో వందసార్లు అరిచాను. ఇప్పుడూ వెనక్కి తీసుకోను.

కాని అరిచిన ప్రతిసారీ మూడోవాణ్ణి వదిలేశాను. ఆ మూడోవాడు మైకు పట్టుకున్నవాడే.

అప్పట్లో నేను అక్కా బావల దగ్గరే ఉండేవాణ్ణి. బావ దర్జీ, ముందుగదిలోనే మిషను. అక్కదీ నాదీ ఒకే ఫ్యాక్టరీ. నేను కొలిమి దగ్గర, కార్మిక సంఘం లీడర్ని కూడా. అక్క తనిఖీలో. తెల్లటి దీపపు పలక ముందు నుంచి సీసాలు వరసగా కదిలిపోతుంటాయి. వాటిలో పగులుందా, బుడగుందా, గీతుందా చూసి తీసి పారేయాలి. పందొమ్మిదేళ్ళుగా అదే పని. అక్క కంటికి దొరక్కుండా ఒక గీత బయటికి పోయిందంటే అది గీత కాదు, వెంట్రుక అని మా వాళ్ళ మాట.

చలి మొదలవగానే అక్క సైకిలుకి వెనక లైటు కావాలంది. ముగ్గురం చువ్వలాయన షాపుకి వెళ్ళాం. ఆయన సైకిలు మేస్త్రీ. చెవి మీద ఎప్పుడూ ఒక చువ్వ ఉంటుంది, అందుకని ఆ పేరు.

మేస్త్రీ ముందు డైనమో చూపించాడు. "టైరుకి రాసుకుని తిరుగుతుందమ్మా. బ్యాటరీ గోల లేదు. తొక్కినంతసేపూ వెలుగుతుంది."

"ఆగితే?"

"ఆగితే ఆరిపోతుంది మరి."

"నేను ఆగిన చోటే కదయ్యా వెనకవాడు నా మీదికెక్కేది," అంది అక్క.

తర్వాత ఒక పెద్ద ముందు లైటు తీశాడు. అక్క దాన్ని సూటిగా బావ మొహం మీదికి కొట్టింది. బావ రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, "పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా మొహం ఇంత శ్రద్ధగా చూస్తున్నావా!" అన్నాడు.

"నీకిప్పుడు నేను కనపడుతున్నానా?"

"నువ్వే కాదు, షాపే కనపడట్లేదు."

"చూశావా. ఎదురొచ్చేవాడి కళ్ళు పోగొడితే వాడొచ్చి నన్నే గుద్దుతాడు. ముందుది చిన్నది చాలు, అదీ కిందికి వంచి రోడ్డు మీద పడేట్టు బిగించు. అసలు సంగతి వెనకది."

వెనక లైట్లు ఒక్కోటీ బావ చేతికిచ్చి వీధి చివరికి పంపింది. మసక చీకటి పడుతోంది. "మోకాలి ఎత్తున పట్టుకో! పక్కకి తిప్పు! ఇంకా తిప్పు!" బావ వీధి చివర గొంతుకూర్చుని లైటు తిప్పుతుంటే పిల్లలు చుట్టూ మూగారు. మిణుకుమిణుకుమనేది వద్దంది, ఎంత దూరంలో ఉందో అంచనా దొరకట్లేదని. పక్కనుంచి కనపడనిది వద్దంది. చివరికి బ్యాటరీలతో నిలకడగా వెలిగే గుండ్రటిది ఒకటి ఒప్పుకుంది. డబ్బాలోంచి కొత్తది తీసిస్తే వెలుగుకి పట్టి చూసి తిరిగిచ్చేసింది.

"ఇందులో గీతుంది. వాన నీళ్ళు దిగుతాయి."

మేస్త్రీ కళ్ళద్దాలు పెట్టుకుని చూసినా ఆయనకి కనపడలేదు. నోరు మూసుకుని ఇంకొకటిచ్చాడు. మడ్‌గార్డు మీద పాత ఎర్ర బిళ్ళ ఒకటుండేది, వెనక నుంచి వెలుగు పడితే మెరిసేది. దాన్ని ఊడదీసి అదే రంధ్రంలో ఈ లైటు బిగించాడు. షాపులో మిగతావాటితో కలిసిపోకుండా బావ దాని మెడకి అంతకు ముందే నీలం దారం ముడేశాడు. నేను గుమ్మంలో నిలబడి, మీటింగుకి ఆలస్యమవుతోందని విసుక్కుంటున్నాను.

వారం తిరక్కుండా గేటు మీద నోటీసు పడింది. లైటు లేని సైకిలుకి గేటు లేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రోడ్డుకి దీపాలు వెయ్యండ్రా అంటే, మీ సైకిళ్ళకి మీరే పెట్టుకోండని మన నెత్తినే రుద్దుతారా? సంఘం గదిలో బల్ల ఎక్కి అరిచాను. "ఇవాళ మనం లైట్లు పెట్టుకుంటే రేపు ఏమంటారు? వెలుగు వీళ్ళే తెచ్చుకుంటున్నారు, ఇక స్తంభాలెందుకంటారు! ఎవడూ లైటు పెట్టొద్దు. ఉన్నవాళ్ళు పీకి ఇక్కడ పడెయ్యండి. స్తంభాలు వెలిగినరోజు తిరిగి తీసుకోండి!"

మూలనున్న గంపలో లైట్లు పడ్డాయి. టప్ టప్ అని పడుతుంటే ప్రతి చప్పుడూ నాకు చప్పట్లలా వినపడింది.

మర్నాడు మూడొందల సైకిళ్ళు లైటు లేకుండా గేటు ముందు నిలబడ్డాయి. మనుషుల్లేక కొలిమి ఆగితే లోపలున్న గాజంతా గడ్డకడుతుంది. ఇరవై నిమిషాల్లో మేనేజరు నోటీసు చింపించి గేటు తీయించాడు.

గెలిచాం. ఆ పూటే గంప బోర్లించి ఎవరి లైటు వాళ్ళకి ఇచ్చేసి, స్తంభాల కోసం ఇంకో దారి పట్టుకుని ఉంటే ఈ కథే లేదు. కాని గెలుపు రుచి చూసినవాడికి బుద్ధి చెప్పేదెవరు? స్తంభాలు వెలిగేదాకా ఇంతే అన్నాను. అందరూ ఊఁ కొట్టారు.

ఆ రాత్రి అన్నం దగ్గర బావ అన్నాడు, "ఏం లీడరూ, సంఘం గదిలో మూడొందల లైట్లుంటే మన సందులో ఒకటి ఇంకా వెలుగుతోందట. ఎవరిదో కనుక్కో."

వేళాకోళానికే అన్నాడు. నాకు మాత్రం గుచ్చుకుంది. అక్క తన లైటు తియ్యలేదు. గేటు దగ్గర ఎవడో అననే అన్నాడు, నాయకుడికో రూలు, నాయకుడి అక్కకో రూలా అని.

చెయ్యి కడుక్కుని స్క్రూడ్రైవరు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళాను. అక్క వెనకే వచ్చింది.

"ఒరేయ్, ఒక్కమాట చెప్పు. రోడ్డు దీపం నేను చూడ్డానికి. వెనక దీపం నన్ను చూడ్డానికి. రెండూ ఒకటెలా అయ్యాయిరా?"

"అది కాదక్కా, ఇది పోరాటం."

"పోరాడు. ఎవరొద్దన్నారు? లైటు పెట్టుకుని పోరాడకూడదని ఎక్కడ రాసుంది?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. "రేపు గేటు దగ్గర నా మొహాన ఉమ్మేస్తారు, నీకిష్టమేనా?" అన్నాను.

అక్క నా చేతిలో స్క్రూడ్రైవరు వంక చూసింది. "ఎన్నాళ్ళు?"

"నాలుగు రోజులు ఓపిక పట్టు."

"నాలుగు రోజులేగా," అని తనే సైకిలు కదలకుండా పట్టుకుంది. నేను బోల్టు విప్పాను. కనీసం ఆ పాత ఎర్ర బిళ్ళైనా తెచ్చి తిరిగి బిగించాలన్న ఆలోచన నాకు రాలేదు. మడ్‌గార్డు మీద ఉత్త రంధ్రం మిగిలింది.

నాలుగు రోజులు కాస్తా ఇరవై మూడయ్యాయి.

ఇరవై మూడో పొద్దున నేను ముందే గేటు దగ్గరున్నాను. ఆ రోజు మంచు లేదు. ఇది ముఖ్యం, గుర్తుపెట్టుకోండి. గాలి శుభ్రంగా ఉంది. ఎర్ర చుక్క ఒకటి వెలిగి ఉంటే అరకిలోమీటరు నుంచి కనపడేది. నేను నినాదం సగంలో ఉండగా ఎవడో సైకిలు పడేసి పరిగెత్తుకొచ్చి, "అన్నా, మీ అక్క!" అన్నాడు.

నేను వెళ్ళేసరికి అక్క రోడ్డు పక్క లేదు. ఆమెని గుద్దిన లారీ డ్రైవరే ఎత్తుకుని తన పక్క సీట్లో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోయాడు. నేను ఆస్పత్రి వరండా చేరేటప్పటికి అతను గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా నిండా అక్క రక్తం. నలభై ఏళ్ళుంటాయి.

"అన్నా, చుక్కంత ఎరుపు కనపడినా బ్రేకు వేసేవాణ్ణి. ఏమీ లేదన్నా. దగ్గరికొచ్చాక చీర కనపడింది. అప్పటికే..."

నా వెనక వచ్చినవాళ్ళు అతని మీద పడ్డారు. కాలర్ పట్టి లేపి కొట్టారు. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. నేను ఆపలేదు. చూస్తూ నిలబడ్డాను, అంతే. నిజం చెప్పాలంటే, అతను ఆ మాట మళ్ళీ అనకుండా ఉంటే చాలని చూస్తున్నాను.

మధ్యాహ్నం బావ ఆపరేషన్ గది ముందు కూర్చున్నాడు. "నేను ఇంటికెళ్ళి సైకిలు సంగతి చూసొస్తాను," అన్నాను. మా వాళ్ళు దాన్ని అప్పటికే మోసుకొచ్చి వాకిట్లో గోడకి ఆనించారు. వెనక చక్రం ఎనిమిది అంకెలా వంకర పోయింది. మడ్‌గార్డు నలిగిపోయింది. ఆ రంధ్రం మాత్రం అలాగే ఉంది. కన్నులా నన్నే చూస్తోంది.

సాయంత్రం రవాణా ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాడని కబురు. లైటు లేదని రాస్తే? ఎందుకు లేదని అడుగుతాడు. ఎవరు తియ్యమన్నారని అడుగుతాడు. ఇరవై మూడు రోజుల పోరాటం నా మీదే బోర్లా పడుతుంది. మేనేజరు పండగ చేసుకుంటాడు.

సంఘం గదికి వెళ్ళి గంప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. నీలం దారం కోసం ఒక్కోటీ తీసి పక్కన పెట్టాను. దొరికింది. చొక్కా లోపల పెట్టుకుని ఇంటికొచ్చి, పట్టుకారుతో మడ్‌గార్డు కాస్త సాపు చేసి, లైటు బిగించాను. విప్పినప్పుడు రెండు నిమిషాలు పట్టింది. బిగించడానికి అరగంట పట్టింది.

ఇన్‌స్పెక్టరు డ్రైవర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. డ్రైవరుకి ఒక కన్ను వాచి ఉంది.

"లైటు ముందు నుంచీ ఉందా?" అనడిగాడు ఇన్‌స్పెక్టరు నన్ను.

"ఉంది సార్. నేను కూడా ఉన్నాను కొన్నప్పుడు." అబద్ధానికి నిజం తొడిగితే ఎంత చక్కగా అమరుతుందో ఆ రోజే తెలిసింది.

"లేదు సార్," అన్నాడు డ్రైవరు. "నేను చూశాను సార్, లేదు."

ఇన్‌స్పెక్టరు వంగి మీట నొక్కాడు. లైటు వెలిగింది. చీకటి పడే వేళ కదా, ఆ ఎరుపు వెళ్ళి డ్రైవరు మొహం మీద పడింది. అతను ఆ లైటు వంక చూశాడు. వాచిన కన్ను నులుముకుని మళ్ళీ చూశాడు.

"ఉన్నట్టుంది సార్," అన్నాడు నెమ్మదిగా. "నాకే కనపడలేదేమో."

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. లైటు కలదు, పనిచేయుచున్నది.

మర్నాడు గేటు ముందు అరిచాను. మా అక్క సైకిలుకి లైటుంది, అయినా గుద్దారు, రోడ్డు మీద దీపం లేకపోవడం వల్లే గుద్దారు! గంపలో లైట్లు పడేసిన మూడొందల మందీ ఆ మాట విన్నారు. నాయకుడు అక్కకి తియ్యకుండా ఉంచాడేమో అనుకున్నవాళ్ళు అనుకున్నారు. తెలిసినవాళ్ళు తలొంచుకున్నారు. అడిగినవాడు ఒక్కడూ లేడు. నాలుగో రోజుకి ఎనభై రెండు స్తంభాలూ వెలిగాయి. నన్ను భుజాల మీద ఎక్కించుకుని రోడ్డంతా ఊరేగించారు. పైనుంచి చూస్తే రోడ్డు పట్టపగల్లా ఉంది. అక్క పడిన చోటు రాగానే కళ్ళు మూసుకున్నాను.

డ్రైవరు లైసెన్సు రద్దయింది. ఓనరు అతన్ని పనిలోంచి తీసేశాడు.

ఐదు వారాలకి అక్క చేతికర్రతో ఇంటికొచ్చింది. మోకాలు ఇక వంగదన్నారు. వాకిట్లోకి రాగానే కుర్చీ వేయించుకుని కూర్చుని, "సైకిలు దగ్గరికి తీసుకురా," అంది బావతో. బావ మిషను ఆపి, సైకిలు ఎత్తుకొచ్చి ముందు పెట్టాడు.

అక్క ముందు చక్రం చూసింది. తర్వాత మడ్‌గార్డు. తర్వాత బొటనవేలితో లైటు అద్దం మీద మెల్లిగా రాసింది, పైనుంచి కిందికి, ఈ అంచు నుంచి ఆ అంచుకి. ఎండ వైపు తిప్పి చూసింది. పందొమ్మిదేళ్ళు చూసిన చూపే.

"ఒక్క గీత లేదు," అంది.

బావ నీలం దారం వంక చూసి, నా వంక చూసి, లోపలికెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు. మిషను చప్పుడు మాత్రం వినపడలేదు.

"సీసా పిండి అయ్యింది, మూత చెక్కుచెదరలేదు అంటే నమ్మే పనిలో లేన్రా నేను," అంది అక్క. గొంతు పెంచలేదు. "ఆ డ్రైవరు నన్ను ఎత్తుకున్నప్పుడు 'అమ్మా, అమ్మా' అంటూనే ఉన్నాడు దారంతా. ఏమైంది అతనికి?"

చెప్పాను.

అక్క కర్ర నేల మీద పెట్టి దాని పిడి తిప్పింది. "నేను వెళ్ళి చెప్తే తమ్ముణ్ణి పట్టిచ్చినదాన్నవుతాను. నువ్వు వెళ్ళి చెప్తే మనిషివవుతావు. నువ్వే చెప్పు."

"చెప్తానక్కా. మేనేజరుతో సంఘం కొత్త ఒప్పందం మీద సంతకాలు అవనీ. ఇప్పుడు చెబితే మొత్తం పాడవుతుంది."

"ఎన్నాళ్ళు?"

నాలుగు రోజులు అనబోయి నాలుక కరుచుకున్నాను.

సంతకాలయ్యాయి. నేను చెప్పలేదు. ఇంట్లో అన్నం పెట్టేవాళ్ళు, తినేవాణ్ణి. బావ నన్ను లీడరూ అని పిలవడం మానేశాడు. బాబూ అనడం మొదలుపెట్టాడు, బట్టలు కుట్టించుకోడానికొచ్చిన పరాయివాణ్ణి పిలిచినట్టు. నెల తిరిగేసరికి నా చాప సంఘం గదికి చేరింది.

చలి తగ్గుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం బజారులో టీ కొట్టు దగ్గర ఆ డ్రైవరు కనిపించాడు. తోపుడు బండి మీద బస్తాలు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నన్ను చూసి! లేచి!

"అన్నా, అక్కకి ఎలా ఉంది?"

"నడుస్తోంది."

"దేవుడున్నాడు," అన్నాడు. "ఒకటడగనా అన్నా? ఆ లైటు ఎంత దూరం కనపడుతుందంటావు?"

నేను బండి మీది బస్తాల వంక చూశాను.

"కళ్ళు చూపించుకున్నానన్నా. ఇద్దరు డాక్టర్ల దగ్గర. బాగానే ఉన్నాయంటారు. ఇంట్లో సూదిలో దారం నేనే ఎక్కిస్తాను. మరి ఆ లైటొక్కటే ఎందుకు కనపడలేదు? ఇప్పుడు లైసెన్సు చేతిలో పెట్టినా స్టీరింగు పట్టుకోలేనన్నా. ఎదురుగా మనిషుంటే? నాకు కనపడకపోతే?"

అప్పుడు చెప్పొచ్చు. ఒక్క మాట. అన్నా, లైటు లేదు, నీ కళ్ళకేం కాలేదు. వెయ్యిమంది ముందు వణక్కుండా అరిచిన నోరు నాది. ఒక్కడి ముందు తెరుచుకోలేదు. అతనికి టీ ఇప్పించాను. చేసింది అంతే. అతను రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, "మీరు పెద్ద మనసున్నోళ్ళన్నా," అన్నాడు. చీకటి పడుతుంటే బండి కదిలించే ముందు, బస్తాల వెనక వేలాడదీసిన చిన్న ఎర్ర లైటు నొక్కి, నాలుగడుగులు వెనక్కి నడిచి, అది కనపడుతోందో లేదో చూసుకున్నాడు. ఇంకో నాలుగడుగులు వెనక్కి వేసి మళ్ళీ చూసుకున్నాడు.

అది జరిగి ఇది మూడో చలికాలం. ఆ చూపు నన్ను నిద్రపోనివ్వట్లేదు. అందుకే రాస్తున్నాను. సానుభూతి కోసం కాదు, నా మీద ఒక్క కన్నీటి చుక్క కూడా కార్చకండి.

మేనేజరు గారూ, రోడ్డు ఆఫీసు పెద్దలూ, నేను దొంగనని తేలింది కదా అని మీరు తప్పించుకోవద్దు. స్తంభాలు ఆర్పింది మీరే. మళ్ళీ ఒక్కటి ఆరినా ఇదే గొంతుతో అరుస్తాను. నా సంఘం వాళ్ళూ, గంపలో ఇంకా నూటపదకొండు లైట్లున్నాయి, రేపే వచ్చి తీసుకుపోండి. బ్యాటరీలు మార్చి, వెనక బిగించి, సంచీ అడ్డం రాకుండా చూసుకోండి. స్తంభం వెలుగుతున్నా సరే. నాలాంటివాడు ఇంకొకడు బల్లెక్కి పీకెయ్యమంటే, వాణ్ణే బల్ల మీద నుంచి పీకెయ్యండి.

రవాణా ఆఫీసు వారూ, రేపు పొద్దున పదింటికి మీ మెట్ల మీద ఉంటాను. అక్క వస్తానంది, కర్ర పట్టుకుని. ఆ ఫైలు దింపండి. లైటు కలదు అన్న చోట కొట్టేసి, లేదు, ఫలానావాడు తీశాడు, వాడే తిరిగి బిగించాడు అని రాయండి. నన్నేం చేస్తారో చెయ్యండి. ఆ డ్రైవరు లైసెన్సు అతనికివ్వండి. దాంతో పాటు ఇంకో కాగితం కూడా ఇవ్వండి. మీ స్టాంపు వేసి, సంతకం పెట్టి, అతని చేతికే ఇవ్వండి. ఆ పొద్దున అతని కళ్ళు ఉన్నది ఉన్నట్టే చూశాయని అందులో రాయండి.